కథా పరిభాష: పుట్టుపూర్వోత్తరములు

కర్నూలు నుండి నంద్యాలకు పోవు రహదారిమీద ఓర్వకల్లు గ్రామమున్నది. కన్నడమున ‘కల్లు’ అనగా ఱాయి. ఊరి చెంత దారి ప్రక్కనే లేచి నిలిచిన శిలలను జూచినవారికి ఆ పేరు తగినదే యని తోచును. ఒక శిల గోడవలె నుండును. ఒకటి కూలిన బురుజువలె నుండును. మరియొకటి తల వంచి ఆలోచించు ముసలివానివలె కానవచ్చును. వీనిని ఏ శిల్పియు చెక్కలేదు. ఎండయు, గాలియు, వానయు యుగములు పనిచేసి ఈ రూపములను దీర్చినవి. 2021వ సంవత్సరమున ఈ ఊరి చెంత విమానాశ్రయము వెలసినది. ఈ మండలమునందే కేతవరము చెంత బండలమీద ఆదిమానవులు వ్రాసిన వర్ణచిత్రములును గలవు. ఆ బొమ్మలు నేటికిని నిలిచియున్నవి. వానిని వ్రాసినవాడు ప్రక్కవానికి చెప్పిన కథ మాత్రము నిలువలేదు.

కథను నిలుపునది మాట. ఆ కథను గూర్చి విచారించుటకు మరికొన్ని మాటలు కావలెను. వానినే పారిభాషిక పదములందుము. కథ, నవల, ఇతివృత్తము, పాత్ర, నేపథ్యము, దృష్టికోణము అను పదములను తెలుగు చదువు ప్రతి విద్యార్థియు వినును, పరీక్షలో వ్రాయును. ఇవి ఎక్కడినుండి వచ్చినవి, ఎవరి యవసరమునుబట్టి పుట్టినవి అని అడుగువారు మాత్రము తక్కువ. ఆ చరిత్రను నేడు కొంత చెప్పదలచినాము.

మేము చదువుకొను నాట ఒక పరీక్షలో ఇతివృత్తమనగా నేమి అని అడిగిరి. కంఠస్థము చేసిన నిర్వచనమును అక్షరము తప్పకుండ వ్రాసి మంచి మార్కులే పొందితిమి. ఆ సెలవులలో మా అవ్వ రాత్రిపూట ఒక కథ చెప్పినది. ఈ కథకు ఇతివృత్తమేమన్నా అని మా తమ్ముడు అడుగగా మాకు నోట మాట రాలేదు. నిర్వచనము వచ్చును గాని దానితో పని చేయుట రాదు. పనిముట్టు పేరు తెలిసి పట్టుకొనుట తెలియనివాడు సేద్యము చేయజాలడు గదా. మాకు నాడు కలిగిన సిగ్గే ఈ ప్రసంగమునకు మొదలు.

ఓర్వకల్లు నుండి ప్రారంభించుటకు కారణమున్నది. ఈ దారికి ఒక కొన నంద్యాల; రెండవ కొన కర్నూలు. పదునారవ శతాబ్దమున పింగళి సూరన తన ‘కళాపూర్ణోదయము’ను నంద్యాల కృష్ణమరాజునకు అంకితమిచ్చెను. 1872లో ‘శ్రీరంగరాజ చరిత్రము’ను ప్రకటించిన నరహరి గోపాలకృష్ణమ సెట్టి గారు కర్నూలు జిల్లా సమగ్ర వివరణ గ్రంథమును ఆంగ్లమున రచించి 1886లో వెలువరించిరి. తెలుగు కల్పనా కథకు పద్యములో ఒక మేలిమలుపు ఆ కొన నున్నది. గద్యములో తొలి యడుగు వేసినవాని పేరు ఈ కొన నున్నది. కథా పరిభాషయందలి ముఖ్యమైన పదములు చాలవరకు ఈ రెంటి నడుమ ఆరితేరినవే.

మొదట ‘కథ’ యను మాటనే చూతము. సంస్కృత ఆలంకారికులు గద్యరచనను కథ యనియు, ఆఖ్యాయిక యనియు విభజించిరి. జరిగిన వృత్తాంతము ఆఖ్యాయిక, కల్పించినది కథ. ఏడవ శతాబ్దమున బాణభట్టు వ్రాసిన ‘హర్షచరితము’ మొదటిదానికిని, ‘కాదంబరి’ రెండవదానికిని ఉదాహరణములు. భామహుడు మరియొక భేదము చెప్పెను. ఆఖ్యాయికలో నాయకుడు తన కథను తానే చెప్పుకొనును. కథలో ఇతరులు చెప్పుదురు. దండి దీని నొప్పుకొనలేదు. చెప్పువాడు ఎవరైన నేమి, ఇవి ఒకే జాతికి రెండు పేర్లే యని యాతడు తేల్చివేసెను. విద్యార్థులు ఈ వివాదమును పాతకాలపు పంతముగా తలపరాదు. కథను ఎవరు చెప్పుచున్నారు అను ప్రశ్నయే పండ్రెండు, పదమూడు వందల యేండ్ల తరువాత దృష్టికోణమను పేర మరల మన ముందుకు వచ్చినది.

రెండవ మాట ‘ఇతివృత్తము’. నాట్యమునకు ఇతివృత్తము శరీరమని భరతుని మతము. పదవ శతాబ్దపు ధనంజయుడు దీనినే వస్తువని, అది మూడు తెఱగులని చెప్పెను. పురాణేతిహాసములనుండి గ్రహించినది ప్రఖ్యాతము. కవి తానుగా కల్పించినది ఉత్పాద్యము. రెండును కలిసినది మిశ్రము. మన ప్రబంధకవులు పెక్కుమంది ప్రఖ్యాత వస్తువునే చేపట్టి వర్ణనలతో పెంచిరి. సూరన కళాపూర్ణోదయమున కథను తానే కల్పించెను. అంతియకాదు, ఆ కథను జరిగిన వరుసలో చెప్పలేదు. ద్వారకలో కలభాషిణి, మణికంధరుల వృత్తాంతముతో మొదలిడి, వారి వర్తనమునకు మూలమైన సంగతులను చాల దూరము దాచి, పసికందైన మధురలాలస నోట పూర్వకథను బయటపెట్టించెను. కలభాషిణియే మధురలాలసగను, మణికంధరుడే కళాపూర్ణుడుగను మరల పుట్టిరని తెలిసిన క్షణమున, చదివిన దంతయు మరియొక వెలుగులో కానవచ్చును.

ఇక్కడ విద్యార్థి రెండు మాటలను వేరుచేసికొనవలెను. సంగతులు కాలక్రమమున జరిగిన వరుస కథాక్రమము. రచయిత వానిని ముందు వెనుకలు మార్చి, కార్యకారణములు ముడివేసి మనకందించిన యేర్పాటు సంవిధానము. ఆంగ్ల నవలాకారుడు ఇ. ఎం. ఫార్‌స్టర్ 1927లో వెలువడిన తన ఉపన్యాస గ్రంథమున ఈ రెంటికిని గల భేదమును చక్కగా వివరించెను. ఆ గ్రంథమును చదివి మనవారు ఆ భేదమును గ్రహించిరనుట నిజమే. కాని ఆ భేదమును చేతలో చూపిన గ్రంథము దానికి మూడు శతాబ్దములకు పూర్వమే నంద్యాల ప్రభువు చేతికి అందినదనుటయు నిజమే. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గారలు 2002లో కళాపూర్ణోదయమును ఆంగ్లమున వెలువరించి, దానిని నవలగా చదువవచ్చునని వాదించిరి.

సూరన కల్పనాశక్తిని ఆధునిక దృష్టితో మొదట గట్టిగా నిరూపించినవారు సీమవాసియే. చిత్తూరు చెంత కట్టమంచిలో జన్మించిన రామలింగారెడ్డి గారు విద్యార్థి దశలో సూరన కావ్యములను గూర్చి వ్రాసిన వ్యాసము 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ అను గ్రంథముగా వచ్చినది. వర్ణనల పెంపునుగాక కథాసంవిధానమును, పాత్రల స్వభావమును కొలతగా బెట్టి కావ్యమును తూచవలెనని వారు పట్టుబట్టిరి. పండితులు కొందరు కోపించిరి. అయినను నాటినుండి తెలుగు విమర్శలో సంవిధానమను మాటకు బరువు పెరిగినది.

ఇక దారికి రెండవ కొనకు వత్తము. వైస్రాయి మేయో ప్రభువు కాలమున, దేశీయుల ఆచార వ్యవహారములను తెలుపు కథాగ్రంథమునకు బహుమాన మిత్తుమని ఒక ప్రకటన వెలువడినది. దానిచే ప్రేరితులై గోపాలకృష్ణమ సెట్టి గారు శ్రీరంగరాజ చరిత్రమును వ్రాసిరి. లంబాడీల నడుమ పెరిగిన సోనాబాయి యను కన్యకును, రంగరాజునకును నడిచిన ప్రేమ దాని కథ. దేవతలు లేరు, శాపములు లేవు, పద్యములకు బదులు వచనమున్నది. వ్రాసినవారికి ఒక చిక్కు వచ్చినది. ఈ క్రొత్త రచనను ఏమని పిలువవలెను? తెలుగున దీనికి పేరు లేదు. అప్పుడు వారు చేతనున్న ప్రబంధ శబ్దమునకు ఒక విశేషణము చేర్చి ‘నవీన ప్రబంధము’ అనిరి. పాత కడవకు క్రొత్త పిడి తగిలించినట్లు ఆ పేరు కుదిరినది.

1878లో కందుకూరి వీరేశలింగము గారు ‘రాజశేఖర చరిత్రము’ను తమ వివేకవర్ధని పత్రికలో ప్రకటింప నారంభించిరి. గోల్డ్‌స్మిత్ నవలయొక్క ఛాయ దానియం దున్నదని వారే యొప్పుకొనిరి. అయినను అందలి మనుష్యులు, మూఢాచారములు, గోదావరీ తీరమును మనవే. వారు దీనిని ‘వచన ప్రబంధము’ అనిరి. ఇది 1887లో ఆంగ్లమునకు సైతము పరివర్తనము పొందినది. ఇంచుమించు పదేండ్ల లోపల ఇద్దరు రచయితలు ఒకే వస్తువునకు రెండు పేర్లు పెట్టిరి. ఒకరి చూపు క్రొత్తదనముమీద నిలిచినది. ఒకరి చూపు వచనముమీద నిలిచినది. పేరు పెట్టువాడు వస్తువులో దేనిని ముఖ్యముగా చూచుచున్నాడో పేరే చెప్పును.

‘నవల’ యను పేరు ఆ తరువాత వచ్చినది. రాజశేఖర చరిత్రముపై విమర్శ వ్రాసిన కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి గారు ఆంగ్ల నావెల్ శబ్దమునకు సరిపోవునట్లు ఈ మాటను చేసి, క్రొత్త విశేషములను గ్రహించునది యని సంస్కృత వ్యుత్పత్తియు కల్పించిరి. ఇందొక చమత్కారమున్నది. తెలుగు కావ్యములలో నవల యనగా స్త్రీ. ఇంటనే యున్న మాటకు క్రొత్త పని అప్పగింపబడినది. మాట చిన్నది, నోటికి తేలిక. కావున నవీన ప్రబంధమును, వచన ప్రబంధమును వెనుకబడి ఇది నిలిచినది. రాజమహేంద్రవరపు ‘చింతామణి’ పత్రిక 1890 దశకమున నడిపిన పోటీలు, వానిలో బహుమతులందిన చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి ‘రామచంద్ర విజయము’ మొదలైన రచనలు ఈ ప్రక్రియను ఇంటింటికి చేర్చినవి.

ఇప్పుడు పేరులో నున్న ప్రమాదమును చెప్పవలసియున్నది. తెలుగులో తొలి నవల ఏది? వీరేశలింగము గారు తమదే మొదటిదని తలచిరి. పాఠ్యగ్రంథములు చాలకాలము అట్లే బోధించినవి. శ్రీరంగరాజ చరిత్రము ఆరేండ్లు ముందున్నను, అది నవల లక్షణములు పూర్తిగా లేనిదని కొందరు ప్రక్కన బెట్టిరి. సంఘమును ఉన్నదున్నట్లు చిత్రించునదే నవల యన్నచో ఒక తీర్పు. కల్పితమై విస్తృతమైన వచనకథ నవల యన్నచో మరియొక తీర్పు. పద్యమైనను కల్పనయు సంవిధానమును ముఖ్యమన్నచో తీర్పు నంద్యాలకే పోవును. ‘లక్షణము’ అను చిన్న మాట చరిత్రలో ఎవరు ముందు నిలువవలెనో నిర్ణయించుచున్నది. కావున తొలి, మలి యను మాటలు వినినప్పుడు విద్యార్థి మొదట అడుగవలసిన ప్రశ్న ఒకటే: ఏ నిర్వచనమును బట్టి?

చిన్నకథ విషయమునను ఇదే జరిగినది. ‘కథానిక’ యను పేరు అగ్నిపురాణమునందలి గద్యభేదములలో నున్నది. ఆఖ్యాయిక, కథ, ఖండకథ, పరికథలతోపాటు అది చెప్పబడినది. అక్కడ నిద్రించుచున్న మాటను మనవారు మేలుకొలిపి ఆధునికమైన చిన్నకథకు తొడిగిరి. 1910 ఫిబ్రవరిలో ‘ఆంధ్రభారతి’లో వచ్చిన గురజాడ అప్పారావు గారి ‘దిద్దుబాటు’ తొలి కథానిక యని చిరకాలము చెప్పిరి. 1902లోనే బండారు అచ్చమాంబ గారు ‘ధనత్రయోదశి’ వ్రాసియున్నారు. ఆమె కథకు శిల్పము చాలదని కొందరు, ఆమెకు న్యాయము జరుగలేదని కొందరు వాదించుచునే యున్నారు. మా మట్టుకు ఒక్క మాట చెప్పుదుము. దిద్దుబాటు ఎత్తుగడను గమనింపుడు. పాత్రల పరిచయము లేదు, వంశవర్ణనము లేదు. అర్ధరాత్రి మగడు తలుపు తట్టుటతోనే కథ మొదలగును. ఎత్తుగడ యనగా నేమో తెలియుటకు అంతకంటె మంచి పాఠము లేదు. అది తెలిసినంతమాత్రమున అచ్చమాంబ గారిని జాబితానుండి తొలగించుటకు హక్కు రాదు.

‘పాత్ర’, ‘నేపథ్యము’ అను రెండు మాటలు రంగస్థలమునుండి వచ్చినవి. పాత్ర యనగా గిన్నె. నటుడు ఒక మనుష్యుని స్వభావమును తనలో నింపుకొనును గనుక పాత్రధారి యయ్యెను. కథలోని పాత్ర యన్నను రచయిత నింపిన మేరకే నిండునని ఈ మాట మనకు గుర్తుచేయును. ఒకే గుణముతో తుదివరకు నడచు పాత్రయు, సంఘటనల తాకిడికి మారి మనల నాశ్చర్యపరచు పాత్రయు వేరని ఫార్‌స్టర్ చెప్పిన భేదము ఇక్కడ ఉపకరించును. నేపథ్యము కథ మరింత వింతైనది. సంస్కృత నాటకమున అది తెరవెనుక వేషములు వేసికొను చోటు, ప్రేక్షకులకు కానరానిది. నేడు కథ జరుగు దేశకాలములను నేపథ్యమందుము. కానరాని చోటు కన్నులయెదుటికి వచ్చినది. అర్థము ఇట్లు తలక్రిందులైనను తెరవెనుక యను పాతవాసన వదలలేదు. అందుచేతనే పలువురు విద్యార్థులు నేపథ్యమును వట్టి తెరగా భావింతురు.

‘దృష్టికోణము’ మన కాలపు మాట. ఆంగ్లమున పెర్సీ లబ్బక్ 1921లో నవలాశిల్పమును గూర్చి వ్రాసిన గ్రంథము దీనిని చర్చకు నడుమ నిలిపినది. కథ ఎవరి కన్నులతో చూడబడుచున్నది, చెప్పువానికి ఎంత తెలియును, తెలిసినదానిలో ఎంత చెప్పుచున్నాడు అనునవి దాని ప్రశ్నలు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ జరిపిన ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ను చూడుడు. నీతినియమములు నమ్మిన రావుగారి మనస్సునుండియే మనము ఆ రాత్రిని, ఆ బిచ్చగత్తెను చూతుము. అదే కథ ఆమె చెప్పినచో గాలివాన అదియే యగును గాని కథ అది కాదు. భామహుని పక్షమున మేము నేడు ఓటు వేయుటకు ఇదే కారణము.

ఈ పదములను విద్యార్థుల చేతికి పనిముట్లుగా అందించిన వారిలోను సీమవారు ముందున్నారు. కడపకు చెందిన రాచమల్లు రామచంద్రారెడ్డి గారు 1968లో ‘సంవేదన’ పత్రికను స్థాపించి, అర్థము తేలని విమర్శపదమును ఒక్కదానిని సహింపక పరీక్షించిరి. మదనపల్లె వాసియైన వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారు ‘నవలాశిల్పం’, ‘కథాశిల్పం’ అను గ్రంథములలో వస్తువు, నిర్మాణము, పాత్ర, దృష్టికోణము మొదలైనవానిని తెలుగు కథల నుదాహరణముగా గైకొని సుబోధకముగా వివరించిరి. కథాశిల్పమునకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

ఇక నేర్చినదానిని ఓర్వకల్లులోనే పరీక్షింతము. మేము కల్పించిన ఒక చిన్న వృత్తాంతమిది. వాన రాలేదు. ఇంటి యజమాని మిరపకాయల కోతకు గుంటూరు సీమకు వలసపోయెను. ఇల్లాలు విత్తనమునకు దాచిన శనక్కాయలమ్మి కూతురి పరీక్షకు రుసుము కట్టెను. మూడవనాడు వాన కురిసెను. ఇది కథాక్రమము. వాన కురియుటతో మొదలిడి, ఊరంతయు సంతోషించుచుండగా ఒక్క యిల్లాలు మాత్రము వాకిట మౌనముగా నిలిచినదని చెప్పి, కారణమును పిదప తెలిపితిమా, అది సంవిధానము. విత్తు భూమిలో వేయవలెనా, బిడ్డ చదువులో వేయవలెనా యను పోరాటము వస్తువు. వస్తువును, కథను కలిపి రెంటికిని ఇతివృత్తమనుట తరగతి గదులలో నేటికిని వాడుక. ఏ యర్థమున వాడుచున్నారో చెప్పి వాడినచో చిక్కు లేదు.

ఆ కథను ఇల్లాలు చెప్పవచ్చును. కూతురు పెద్దదై తలచుకొని చెప్పవచ్చును. కాయలు కొన్న వ్యాపారి చెప్పవచ్చును. వ్యాపారి చెప్పినచో అది మంచి బేరముగా వినబడును. ఆ గొంతులోని తృప్తియే పాఠకుని నొప్పించును. దీనిని కంఠస్వరమందుము. ఇల్లాలి నోట కర్నూలు పల్లె మాటయే పలికించినచో అది పాత్రోచిత భాష. ఇక నేపథ్యము. ఈ కథను కోనసీమ కాలువగట్టునకు మార్చి చూడుడు. వాన మూడునాళ్లు ఆలస్యమైన నక్కడ కథయే లేదు. ఇక్కడ ఎండిన నేల తెర కాదు; అదియు ఒక పాత్రయే. కేతు విశ్వనాథరెడ్డి గారి కథలను, సింగమనేని నారాయణ గారి కథలను, 2019లో అకాడమీ పురస్కారమందిన బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’ నవలను చదువునప్పుడు విద్యార్థి ఈ సంగతి మరువరాదు. నేపథ్యమును ఒక వాక్యములో ముగించి పాత్రలను గూర్చి పుటలు నింపినవాడు సీమకథను సగమే చదివినవాడు.

శిల్పమను మాటతో ముగింతము. ఓర్వకల్లు శిలలు ఎంత సుందరములైనను అవి శిల్పములు కావు. అక్కడ ఎన్నుకొనిన చేయి లేదు. కథలో ఎన్నుకొనిన చేయి యున్నది. ఎక్కడ మొదలిడినాడు, ఏది దాచినాడు, ఎవరిచే చెప్పించినాడు, ఎక్కడ నిలిపినాడు అని ఆ చేతి జాడను వెదకుటకే ఈ పదములన్నియు. నిర్వచనము మరచినను నష్టము లేదు. ఈ ప్రశ్నలు మరువకున్న చాలును. మా తమ్ముడు ఆ రాత్రి అడిగిన ప్రశ్నకు నేడు సమాధానము చెప్పగలము. కాని కథ చెప్పిన అవ్వ లేదు. ఆ కథను మేము వ్రాసికొననైన లేదు. మీ యింట కథ చెప్పువారుండిన, పదములు నేర్చునంతవరకు ఆగక, ముందు కథను వ్రాసికొనుడు.